డీ7200 నుంచి మిర్రర్‌లెస్ బాడీకి మారడం ఇప్పుడు అవసరమా?

తెరముందు:

అందరికీ నమస్కారం. నేను చాలాకాలంగా నికాన్ డీ7200 అనే డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరా వాడుతున్నాను. నేను తీసే ఫొటోల్లో ముప్పాతిక వంతు నాటక ప్రదర్శనలవే. మిగిలినవి తెల్లవారుజామున చెరువుల దగ్గర తీసే పక్షుల ఫొటోలు. నా దగ్గర 18-140 మి.మీ. లెన్సు, 50 మి.మీ. ఎఫ్/1.8డీ, పాతకాలపు 80-200 మి.మీ. ఎఫ్/2.8డీ, 200-500 మి.మీ. ఎఫ్/5.6ఈ ఉన్నాయి. ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు. అయినా నాటక బృందాలు నా ఫొటోలను కరపత్రాల్లోనూ గోడపత్రికల్లోనూ వాడుకుంటున్నాయి కాబట్టి, నాకు నచ్చితే చాలులే అని సరిపెట్టుకునే పరిస్థితి లేదు.

వేదికపై వెలుతురు తగ్గిన సన్నివేశాల్లో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 6400 దాకా వెళ్లవలసి వస్తోంది. అక్కడ ముఖాల మీద నాయిస్ (చుక్కల్లాంటి గరుకు) కనిపిస్తోంది, కొన్ని ఫొటోలు కదిలిపోయినట్టు ఉంటున్నాయి, కొన్నింటిలో ఫోకస్ కంటి మీద కాకుండా మరెక్కడో పడుతోంది. వీటన్నిటికీ తోడు, నటులు మాటలు ఆపి నిశ్శబ్దంగా నిలబడిన ఘట్టాల్లో అద్దం లేచిపడే చప్పుడుకు ముందు వరుసల్లోని ప్రేక్షకులు వెనక్కి తిరిగి చూస్తున్నారు. అందుకే కొంతకాలంగా మిర్రర్‌లెస్, అంటే అద్దం లేని నికాన్ జెడ్6 త్రీ కొనాలని ఆలోచిస్తున్నాను. డీ7200 వచ్చింది 2015లో, జెడ్6 త్రీ వచ్చింది 2024లో. ఈ తొమ్మిదేళ్ల తేడా నా ఫొటోల్లో నిజంగా కనిపిస్తుందా, లేక సమీక్షల్లోని మాటలకే పరిమితమా అన్నది నాకు తేలడం లేదు. బాడీ బదులు అదే డబ్బును లెన్సు మీద పెట్టడం మేలా? పక్షుల ఫొటోలకు కూడా ఈ మార్పు కలిసివస్తుందా? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాతలెన్సు:

తెరముందు గారూ, మీరు నాయిస్, కదలిక, ఫోకస్ తప్పడం, చప్పుడు అని నాలుగు ఇబ్బందులను ఒకే గంపలో వేశారు. ఆ నాలుగింటికీ విరుగుళ్లు వేరువేరు. వాటిలో కొన్నింటికి మాత్రమే కొత్త బాడీ మందు. కాబట్టి కొనాలా వద్దా అని తేల్చుకునే ముందు ఇటీవలి ప్రదర్శనల్లో పనికిరావని పక్కనపెట్టిన ఫొటోలన్నిటినీ కంప్యూటర్‌లో పూర్తి సైజులో తెరిచి, ఒక్కొక్కటి ఏ కారణం వల్ల చెడిందో విడదీసి చూడండి.

దానికి గుర్తులు తేలికే. నటుడి చేతులూ ముఖమూ అలికినట్టు ఉండి, వెనకున్న తెర మడతలు మాత్రం స్పష్టంగా ఉంటే అది నటుడి కదలిక. అంటే షట్టర్ స్పీడ్ చాలలేదు. తెర మడతలతో సహా అన్ని అంచులూ ఒకే దిశలో జంటగా కనిపిస్తే మీ చేయి కదిలింది. కన్ను మెత్తగా ఉండి, చెవి దగ్గరి వెంట్రుకలో భుజం మీది దుస్తుల కుట్టో పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. అన్నీ పదునుగానే ఉండి, చెంపల మీద ఇసుక చల్లినట్టు ఉంటే అప్పుడది నాయిస్. ఈ పని చేసినవారిలో చాలామందికి, నాయిస్ అనుకున్న వాటిలో ఎక్కువ భాగం నిజానికి కదలిక అని తేలుతుంది. మెత్తబడిన ముఖం మీద నాయిస్ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి మనం నేరాన్ని దాని మీదికి నెడతాం.

ఇక వెలుతురు లెక్క చూద్దాం. జెడ్6 త్రీలో ఉన్న ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ సుమారు 36×24 మి.మీ.; మీ కెమెరా సెన్సర్ 23.5×15.6 మి.మీ. వైశాల్యంలో తేడా సుమారు 2.35 రెట్లు, అంటే ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు కావడం) కన్నా కాస్త ఎక్కువ. జెడ్6 త్రీలో నాయిస్ తగ్గినట్టు కనిపించడానికి ప్రధాన కారణం ఈ వైశాల్యమే తప్ప తొమ్మిదేళ్ల సాంకేతిక ప్రగతి కాదు. పడిన వెలుతురును పట్టుకునే సామర్థ్యంలో 2015 నాటి సెన్సర్లు అప్పటికే చాలా ముందుకు వచ్చేశాయి. మసక వెలుతురులో మిగిలే నాయిస్‌లో పెద్ద వంతు వెలుతురు స్వభావంలోనే ఉంది, దాన్ని ఏ కంపెనీ తీసివేయలేదు. పైగా జెడ్6 త్రీ సెన్సర్‌ను వేగం కోసం పాక్షికంగా స్టాక్ చేసిన (కొంతమేర పొరలుగా పేర్చిన) నిర్మాణంతో తయారు చేశారు. దాని మూల్యంగా తక్కువ ఐఎస్ఓలో నీడలను పైకి లాగినప్పుడు దానికి ముందు వచ్చిన జెడ్6 టూ కన్నా కాస్త ఎక్కువ నాయిస్ కనిపిస్తుంది. ఎక్కువ ఐఎస్ఓలో రెండూ దాదాపు సమానమే.

ఆ ఒక స్టాప్ లాభం కూడా బేషరతుగా రాదు. ఇప్పుడు మీరు 135 మి.మీ. దగ్గర తీస్తున్న దృశ్యాన్ని ఫుల్ ఫ్రేమ్‌లో అదే చోటి నుంచి అంతే దగ్గరగా తీయాలంటే సుమారు 200 మి.మీ. కావాలి. రెండింటా అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/2.8 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో ఫోకస్ లోతు మరింత పలచబడుతుంది. ఒక్కడే నటుడు ఉన్నప్పుడు అది అందమే. ఇద్దరు నటులు ఒకరి వెనుక ఒకరు నిలబడినప్పుడు ఇద్దరూ స్పష్టంగా రావాలని మీరు రంధ్రాన్ని ఎఫ్/4కి తగ్గించారనుకోండి, ఫుల్ ఫ్రేమ్ ఇచ్చిన స్టాప్ తిరిగి చేజారినట్టే. సమీక్షల్లో పక్కపక్కన పెట్టి చూపే నాయిస్ పోలికలు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవు.

దీనికి ఎదురుగా, ఖర్చులేకుండా దొరికే వెలుతురు ఒకటి ఉంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగాన్ని నల్లని తెర ఆక్రమించినప్పుడు మ్యాట్రిక్స్ మీటరింగ్ (ఫ్రేమ్ మొత్తం వెలుతురును కొలిచే పద్ధతి) ఆ నలుపును బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. దానితో నటుడి ముఖం పాలిపోతుంది, షట్టర్ స్పీడ్ పడిపోతుంది లేదా ఐఎస్ఓ అక్కరలేకుండా పెరుగుతుంది. ముఖానికి సరిపడేంత ఎక్స్‌పోజర్ మాత్రమే ఇస్తే తరచుగా ఒక స్టాప్, తెర బాగా నల్లనిదైతే రెండు స్టాపులు మిగులుతాయి. మాన్యువల్ మోడ్‌లో షట్టర్‌ను 1/250 దగ్గర, అపెర్చర్‌ను ఎఫ్/2.8 దగ్గర నిలిపి, ఐఎస్ఓను ఆటోలో వదిలి, మీటరింగ్‌ను స్పాట్‌కు (ఒక చిన్న చోటినే కొలిచే పద్ధతికి) మార్చి చూడండి. మీ కెమెరాలో స్పాట్ మీటరింగ్ మీరు ఎంచుకున్న ఫోకస్ పాయింట్‌ను అనుసరిస్తుంది కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు.

చివరగా అసలైన చిక్కు. మీ 80-200, 50 రెండూ డీ రకం లెన్సులు. వాటిలో మోటారు లేదు. కెమెరా బాడీలోని మోటారే చిన్న మర ద్వారా వాటిని తిప్పుతుంది. డీ7200లో ఆ మోటారు ఉంది, జెడ్ కెమెరాల్లో లేదు, పాత లెన్సులను జెడ్ కెమెరాలకు తగిలించడానికి నికాన్ తయారుచేసిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్లలోనూ లేదు. అంటే జెడ్6 త్రీ మీద ఆ రెండు లెన్సులకూ చేతితోనే ఫోకస్ చేయాలి. అపెర్చర్, మీటరింగ్ పనిచేస్తాయి గానీ కదిలే నటుల విషయంలో అది చాలదు. మీ 18-140 డీఎక్స్ (మీ కెమెరాలాంటి చిన్న సెన్సర్‌కు చేసిన) లెన్సు కాబట్టి ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద సుమారు 10 మెగాపిక్సెళ్ల క్రాప్‌కే పరిమితమవుతుంది. కాబట్టి మీరు వేసుకోవలసిన ఖర్చు బాడీది ఒక్కటే కాదు. బాడీ, అడాప్టర్, జెడ్ మౌంట్‌లో ఒక ఎఫ్/2.8 జూమ్, సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బీ మెమరీ కార్డు అన్నీ కలిపి చూసుకోవాలి. ఆ మొత్తం చూశాక కూడా కొనాలనిపిస్తే కొనండి.

నిశ్శబ్ద షట్టర్:

పాతలెన్సు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే ఆయన వాదన అంతా వెలుతురు చుట్టూ తిరిగింది. డీఎస్ఎల్ఆర్ నుంచి మారినవారికి సెన్సర్‌లో కన్నా ఫోకస్‌లోనూ వ్యూఫైండర్‌లోనూ తేడా ఎక్కువగా తెలుస్తుంది. నేను కూడా వేదికల మీదే ఫొటోలు తీస్తాను కాబట్టి ఆ కోణం నుంచే రాస్తున్నాను.

డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్‌ను కొలిచేది ఫొటో తీసే సెన్సర్ కాదు. ప్రధాన అద్దం గుండా కొంత వెలుతురు వెనకనున్న చిన్న అద్దం మీద పడి, అక్కడి నుంచి కెమెరా అడుగున ఉన్న వేరే మాడ్యూల్‌కు చేరుతుంది. ఆ దారి పొడవుకూ అసలు సెన్సర్‌కు ఉన్న దూరానికీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది. 200 మి.మీ., ఎఫ్/2.8 దగ్గర 10 మీటర్ల దూరంలోని నటుడి మీద ఫోకస్ చేస్తే, మీ సెన్సర్ మీద స్పష్టంగా ఉండే లోతు మొత్తం పావు మీటరుకు కాస్త ఎక్కువ. నటుడు ఒక అడుగు ముందుకు వేశాడంటే అది అయిపోయినట్టే. మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్‌ను కూడా కొలుస్తుంది కనుక ఈ ముందువెనుకల తేడా మూలంలోనే పోతుంది.

దాని మీద కంటిని గుర్తించి వెంబడించే సామర్థ్యం తోడవుతుంది. మీ కెమెరాలోని 51 ఫోకస్ పాయింట్లలో క్రాస్ రకం (అడ్డంగానూ నిలువుగానూ కొలిచే) పాయింట్లు 15 మాత్రమే, అవి మధ్యలో గుమిగూడి ఉంటాయి. మసక వెలుతురులో నమ్మదగినవి అవే కాబట్టి మీరు మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి, ఆ తర్వాత ఫ్రేమ్ జరుపుతూ ఉండాలి. జెడ్6 త్రీలో నటుడు ఫ్రేమ్ అంచున నిలబడినా పెట్టె కంటి మీదే కూర్చుంటుంది, మీ ధ్యాసంతా ఘట్టం మీద పెట్టవచ్చు. నటులు ముఖానికి ముసుగు వేసుకున్నా, బాగా దట్టంగా రంగు పూసుకున్నా గుర్తింపు ఒక్కోసారి తడబడుతుంది. అప్పుడు ఒకే పాయింట్‌కు మారాలి. దాన్ని సర్వరోగ నివారిణి అనడం లేదు గానీ పనికొచ్చే ఫొటోల పాళ్లు మాత్రం మారతాయి.

మీటరింగ్ విషయంలో కూడా అంతే. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో రాబోయే ఎక్స్‌పోజర్ ముందుగానే కనిపిస్తుంది. ముఖం పాలిపోతోందని బటన్ నొక్కకముందే తెలిస్తే డయల్ తిప్పడానికి క్షణం పట్టదు. స్పాట్ మీటరింగ్‌తో ఇదే పని డీ7200లోనూ చేయవచ్చు, కాదనను. కాకపోతే రంగు దీపాలు క్షణక్షణం మారే ప్రదర్శనలో ఒకటి కళ్లతో చూసి చేసే పని, రెండోది ఊహించి చేసే పని.

చప్పుడు సంగతి వేరే చెప్పనక్కరలేదు. డీ7200లోని క్వైట్ మోడ్ అద్దం దిగే శబ్దాన్ని కాస్త వెనక్కి నెడుతుందే తప్ప తీసివేయదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌కు శబ్దమే ఉండదు. ఫొటోగ్రాఫర్‌ను తొలి ప్రదర్శనకు రానిద్దామా, రిహార్సల్‌తో సరిపెడదామా అని నాటక బృందం ఆలోచించేటప్పుడు ఇది నిర్ణయాన్నే మార్చేస్తుంది. అయితే ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరుసలవారీగా చదువుతుంది. ఆ చదివే వేగం తక్కువైతే వేగంగా తిరిగే చేయి వంగినట్టు రావచ్చు, ఎల్ఈడీ దీపాల కింద ఫొటో మీద అడ్డచారలు పడవచ్చు. జెడ్6 త్రీలో ఆ పాక్షిక స్టాక్ నిర్మాణం పెట్టింది ఈ వేగం కోసమే. నీడల్లో పెరిగిన కొద్దిపాటి నాయిస్‌కు బదులుగా మనకు దక్కేది ఇదే, వేదిక ఫొటోలకు ఈ బేరం లాభసాటి అని నా అభిప్రాయం.

చిత్తడినేల:

నేను పక్షుల గురించి మాత్రమే మాట్లాడతాను, నాటకాల ఫొటోలు నేనెప్పుడూ తీయలేదు.

పక్షుల ఫొటోలకు 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ బాడీ మీకు ముందడుగు కాదు, ఒక రకంగా వెనకడుగు. మీ డీ7200లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.9 మైక్రాన్లు, జెడ్6 త్రీలో సుమారు 5.9. ఒకే చోటి నుంచి అదే 500 మి.మీ. దగ్గర తీసినప్పుడు మీ కెమెరాలో 1,200 పిక్సెళ్ల వెడల్పున వచ్చే పక్షి, జెడ్6 త్రీలో దాదాపు 800 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. ఈకల గీతలు విడివిడిగా కనిపించాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. ఫొటోగ్రాఫర్లలో దగ్గరికి వెళ్లగలిగేవారికి ఇది సమస్య కాదు, కానీ చెరువు మధ్యలోని కొంగ దగ్గరికి ఎవరు వెళ్లగలరు?

మీ 200-500కు దానిలోనే మోటారు ఉంది కాబట్టి అడాప్టర్‌తో జెడ్ బాడీల మీద ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది, పక్షిని గుర్తించే సదుపాయం కూడా వస్తుంది. అయితే ఆ లెన్సులోని మోటారు వేగం ఎంతో అంతే; కొత్త బాడీ దాన్ని పరుగెత్తించలేదు. పక్షుల కోసమే అయితే 2024 చివర్లో వచ్చిన జెడ్50 టూ చూడవచ్చు. అది డీఎక్స్ బాడీ, 20.9 మెగాపిక్సెళ్లు, ఫోకస్ గుర్తింపులు కొత్త తరానివి. బాడీలో చేతి వణుకును సరిదిద్దే స్థిరీకరణ లేకపోయినా మీ 200-500లో అదే పని చేసే వీఆర్ ఉంది కాబట్టి దాని లోటు తెలియదు.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. 2016లో వచ్చిన డీ500 ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. దానిలో ఫోకస్ పాయింట్లు 153, అవి ఫ్రేమ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుని ఉంటాయి. సెకనుకు 10 ఫొటోలు తీస్తుంది. బాడీలో మోటారు ఉంది కాబట్టి మీ డీ లెన్సులు రెండూ ఎప్పటిలాగే పనిచేస్తాయి. మీ దగ్గరున్న నాలుగు లెన్సుల్లో ఒక్కటి కూడా అమ్మనక్కరలేదు. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూసుకోండి. దాన్ని 2 లక్షల సార్లకు పరీక్షించామని నికాన్ చెప్పింది. వేదిక దగ్గర చప్పుడు మాత్రం దానితోనూ తప్పదు.

తెరముందు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పాతలెన్సు గారు చెప్పినట్టు తీసివేసిన ఫొటోలను విడదీసి చూశాను. నాటకాలవాటిలో ఎక్కువ భాగం నటుడి కదలిక వల్ల చెడినవే. వాటిలో షట్టర్ స్పీడ్ 1/60, 1/100 మధ్య ఉంది. ఆ ఫొటోలన్నిటిలో ముఖాలు అవసరానికి మించి తెల్లగా ఉన్నాయి, అంటే మీటరింగ్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. రెండో స్థానంలో ఫోకస్ తప్పినవి ఉన్నాయి. అవి దాదాపు అన్నీ 80-200తో, 200 మి.మీ. దగ్గర తీసినవి, ఫోకస్ ప్రతిసారీ ముఖం వెనక్కే జరిగింది. కేవలం నాయిస్ వల్ల పనికిరాకుండా పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పక్షుల విషయంలో కొమ్మ మీద కూర్చున్నవి బాగానే వచ్చాయి, ఎగిరేవాటిలోనే ఫోకస్ తప్పుతోంది. చిత్తడినేల గారి పిక్సెళ్ల లెక్క చూశాక ఫుల్ ఫ్రేమ్ మీద ఉన్న మోజు సగం తగ్గింది.

అయినా చప్పుడు సంగతి అలాగే ఉంది. వచ్చే ప్రదర్శనలో చాలాసేపు మాటల్లేని దృశ్యాలున్నాయని దర్శకుడు ముందే చెప్పాడు. ఇంకో ప్రశ్న: నేను ఇప్పటిదాకా జేపెగ్‌లోనే తీస్తూ వచ్చాను. రా ఫైళ్లకు మారితే పాత కెమెరాతోనే నాయిస్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా వస్తుందా?

పాతలెన్సు:

తప్పకుండా వస్తుంది. జేపెగ్‌లో నాయిస్‌ను తగ్గించేది కెమెరాలోని పాత ప్రాసెసర్. అది ఐఎస్ఓ 6400 దగ్గర నాయిస్‌తోపాటు చర్మం మీది గీతలనూ కనురెప్పల వెంట్రుకలనూ కలిపి తుడిచేస్తుంది. రా ఫైలులో సెన్సర్ ఇచ్చిన సమాచారం దాదాపు ఉన్నదున్నట్టు ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌లో తీరిగ్గా శుభ్రం చేసుకోవచ్చు. డీఎక్స్‌ఓ వారి డీప్‌ప్రైమ్ 2020లోనూ, అడోబీ లైట్‌రూమ్‌లో డీనాయిస్ 2023లోనూ వచ్చాయి. రెండూ యంత్ర అభ్యాసంతో పనిచేసేవే. మీ కెమెరా వచ్చిన రోజున ఎవరి దగ్గరా లేని సాధనాలివి. ఐఎస్ఓ 6400 ఫైలు మీద ఇవి చూపే మెరుగుదల, సెన్సర్ సైజు మార్చితే వచ్చే ఒక స్టాప్‌కు తక్కువేమీ కాదని నా అనుభవం. కొత్త కెమెరా ఫైళ్ల మీద కూడా ఇవి అంతే పనిచేస్తాయి కాబట్టి పోటీ సమానమే అనవచ్చు. కానీ మీకు కావలసింది గోడపత్రికకు సరిపడేంత శుభ్రమైన ముఖం, పోటీలో గెలుపు కాదు. 6000×4000 పిక్సెళ్ల ఫైలు అంగుళానికి 300 చుక్కల లెక్కన 20×13 అంగుళాలకు వస్తుంది. గోడపత్రికను ఎవరూ అంత దగ్గర నుంచి చూడరు కాబట్టి అంతకు రెట్టింపు సైజుకూ అది సరిపోతుంది.

ఇక 200 మి.మీ. దగ్గర ఫోకస్ ప్రతిసారీ ఒకే వైపుకు, అదీ వెనక్కి జరుగుతోందన్నారు. అది మంచి వార్త. ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పడుతుంటే చేయగలిగింది తక్కువ. ఎప్పుడూ ఒకవైపే పడుతుంటే దిద్దుకోవచ్చు. డీ7200 మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది. కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, గోడకు అతికించిన అచ్చు కాగితం మీద 200 మి.మీ., ఎఫ్/2.8 దగ్గర వ్యూఫైండర్ ద్వారా ఫోకస్ చేసి ఒక ఫొటో, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి మరొకటి తీసి పోల్చండి. లైవ్ వ్యూ ఫొటోకు సమానంగా వచ్చేవరకు విలువను రుణ దిశలో కొద్దికొద్దిగా జరపండి. జూమ్ లెన్సు మొత్తానికి ఒకే విలువ పెట్టడం కుదురుతుంది కాబట్టి మీరు ఎక్కువగా వాడే 200 మి.మీ.కే ప్రాధాన్యమివ్వండి, 80 దగ్గర కొంచెం తేడా వచ్చినా అక్కడ ఫోకస్ లోతు ఎక్కువ కనుక కప్పుకుపోతుంది.

నా మట్టుకు నేను ఈ రెండు పనులూ చేసి, ఒక ప్రదర్శనను 1/250 దగ్గర రా ఫైళ్లలో తీసి చూసేదాకా పైసా ఖర్చుపెట్టను. అప్పటికి మిగిలేది చప్పుడు ఒక్కటే. దానికోసం మొత్తం వ్యవస్థను మార్చుకోవడం సబబా అన్నది మీ నాటక బృందాలు మీకు ఎంతవరకు ముఖ్యమన్నదాన్ని బట్టి ఉంటుంది. అది నేను చెప్పగలిగేది కాదు.

నిశ్శబ్ద షట్టర్:

పాతలెన్సు గారు చెప్పిన దిద్దుబాట్లు ముందు చేయాలన్నదానితో ఏకీభవిస్తున్నాను. కానీ మాటల్లేని దృశ్యాలున్న ప్రదర్శన ముందుందని చెప్పారు కనుక, ఆ ఒక్కదానికి జెడ్6 త్రీనీ జెడ్ 70-200 ఎఫ్/2.8నూ అద్దెకు తీసుకోండి. కొన్నాక తెలుసుకోవడం కన్నా అద్దెకు తెచ్చుకుని తెలుసుకోవడం చవక. వీలైతే చివరి రిహార్సల్‌కే తీసుకువెళ్లండి, ఎందుకంటే అక్కడ పరీక్షించవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట దీపాలు. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ప్రతి రంగు దీపం కిందా కొన్ని ఫొటోలు తీసి, వెంటనే పెద్దది చేసి నేపథ్యంలో అడ్డచారలు ఉన్నాయేమో చూడండి. నీలం, ఊదా రంగు ఎల్ఈడీల కింద ఫ్రేమ్ మొత్తాన్నీ పరికించండి, చారలు ఒక మూలనే ఉండవచ్చు. పడుతుంటే మెనూలోని హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ రిడక్షన్‌ను ఆన్ చేసి, షట్టర్ స్పీడ్‌ను దశాంశాల్లో జరుపుతూ చారలు మాయమయ్యే అంకెను పట్టుకోవాలి. రెండు రకాల దీపాలు ఒకేసారి వెలుగుతుంటే ఏ అంకెకూ పూర్తిగా లొంగకపోవచ్చు. అప్పుడు మెకానికల్ షట్టర్‌కు రావలసిందే, దానికి చప్పుడు ఉంటుంది, అద్దం లేదు కాబట్టి డీ7200 కన్నా తక్కువ.

రెండోది, చీకటి హాలులో మీ వెనక కూర్చున్నవారి కళ్లు. చప్పుడు పోయిన ఆనందంలో వెనక తెర వెలుగుతూ ఉన్న సంగతి చాలామంది మరిచిపోతారు. మానిటర్‌ను వ్యూఫైండర్ ఓన్లీకి మార్చి, తీసిన ఫొటో తనంతట తాను కనిపించడాన్ని ఆపి, ఫోకస్ కోసం వెలిగే సహాయ దీపాన్ని కూడా ఆపేయండి. వ్యూఫైండర్ వెలుతురును చేత్తో తగ్గించుకోండి. లేకపోతే దాన్ని నమ్ముకుని ఎక్స్‌పోజర్ తక్కువగా పెట్టే ప్రమాదముంది.

పక్షులకూ నాటకాలకూ ఒకే బాడీ కావాలనుకోవడం వల్లే మీ ప్రశ్న జటిలమైంది. చప్పుడు ఇబ్బంది భరించలేనిదని ఆ రిహార్సల్‌లో తేలితే, జెడ్ బాడీని వేదికకూ, 200-500 తగిలించిన డీ7200ను చెరువుకూ ఉంచుకోండి. డీ7200ను అమ్మితే వచ్చేది పెద్ద మొత్తం కాదు, అది మీ డీ లెన్సులకు మోటారుగా కూడా మిగులుతుంది. అద్దె కెమెరాతో తీసిన రా ఫైళ్లను ఆ రాత్రే మీ కంప్యూటర్‌లోకి ఎక్కించి తెరిచి చూడండి. పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ జెడ్6 త్రీ ఫైళ్లను గుర్తించదు, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఒక్కోసారి పాత కంప్యూటర్ మీద ఎక్కదు. కొనుగోలు జాబితాలో కంప్యూటర్ కూడా చేరుతుందో లేదో కెమెరా తిరిగి ఇచ్చేలోపే తెలిసిపోతుంది.